మూరెడు మెరకలో ఉంది డెల్టా పంటల లెక్క

గోదావరి డెల్టాలో ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా ఎక్కడ నిలబడి చూసినా ఆకాశం ఒక్కటే. ఏడాదికి 1100 నుంచి 1200 మిల్లీమీటర్ల వాన, అందులో ఎక్కువ భాగం నైరుతిది, మిగిలింది ఈశాన్యానిది. మే నెలలో ఒళ్లు మండే ఎండ, మిగతా రోజుల్లో ఉక్క. వాతావరణ పటం గీసేవాళ్లు ఈ ప్రాంతానికంతటికీ ఒకే రంగు వేస్తారు. వేయడంలో తప్పు లేదు. ఆ రంగును చూసి ఏ మొక్క ఎక్కడ నాటాలో నిర్ణయించడంలోనే తప్పంతా ఉంది. ఇక్కడ మొక్క బతుకును తేల్చేది ఆకాశం కంటే ఎక్కువగా కాళ్ల కింది నేల ఎత్తు. చేనుకూ పక్క చేనుకూ మధ్య మూరెడు తేడా ఉంటే చాలు, మెరక మీద కొబ్బరి కాస్తుంది, పల్లంలో వరి తప్ప ఇంకోటి నిలవదు, ఇంకాస్త కిందికి వెళ్తే ఆ వరి కూడా పాలు పోసుకోకుండానే తాలుగా మిగులుతుంది.

పెద్ద పటాలు మనకు కొత్త కాదు. ప్రణాళికా సంఘం 1989లో దేశాన్ని 15 వ్యవసాయ వాతావరణ ప్రాంతాలుగా విడగొట్టింది. నాగపూర్‌లోని జాతీయ మృత్తిక సర్వే సంస్థ 1992లో 20 ప్రాంతాల పటం వేసి, తర్వాత వాటిని 60 ఉప ప్రాంతాలు చేసింది. మన వ్యవసాయ విశ్వవిద్యాలయం లెక్కలో గోదావరి మండలం అని వేరే ఒకటి ఉంది. వీటి వెనక దశాబ్దాల శ్రమ ఉంది. పరిశోధనా కేంద్రాలు ఎక్కడ పెట్టాలి, ఏ ప్రాంతానికి ఏ విత్తనం పంపాలి అన్న పెద్ద ప్రశ్నలకు అవి పనికొచ్చాయి, ఇంకా వస్తాయి. నా పేచీ వాటితో కాదు. మొక్కల పంపిణీ జాబితా తయారు చేసేటప్పుడు, కొత్త పంటకు సబ్సిడీ ప్రకటించేటప్పుడు, కాలువ గట్టున ఏం నాటాలో తేల్చేటప్పుడు అదే పెద్ద పటాన్ని చిన్న పనికి వాడేస్తున్నాం, దాని మీద జిల్లా గీత ఒకటి గీసి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక డెల్టా కోనసీమ, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కాకినాడ, ఏలూరు జిల్లాల మధ్య చీలిపోయింది. ఇప్పటి తూర్పు గోదావరి జిల్లాలోనే కడియం ఒండ్రు ఉంది, రాజానగరం ఎర్రమట్టి మెట్టా ఉంది. ఈ రెండింటికీ కలిపి ఒకే జాబితా ఎలా సరిపోతుంది?

అసలు డెల్టా ఎలా ఏర్పడిందో గుర్తు చేసుకుంటే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. నది వేల ఏళ్లుగా ఒండ్రు తెచ్చి పోస్తూ ఉంటే భూమి సముద్రంలోకి జరుగుతూ వచ్చింది. ఒక్కో కాలంలో తీరం ఎక్కడుందో అక్కడ కెరటాలు, గాలి కలిసి ఇసుకను దిబ్బగా పేర్చాయి. తీరం ముందుకు జరిగాక ఆ దిబ్బ ఊరి మధ్యలో ఉండిపోయింది. కోనసీమలో ఇప్పటికీ సముద్రానికి చాలా లోపల ఈ పాత ఒడ్డులు వరసగా కనిపిస్తాయి. ఇళ్లు వాటి మీద కట్టారు, కొబ్బరి వాటి మీద వేశారు. దిబ్బకూ దిబ్బకూ మధ్య పల్లంలో బంకమట్టి చేరింది, అక్కడ వరి. నది వదిలేసిన పాత పాయల గట్లు ఇంకో రకం నేల: కాస్త ఎత్తు, మెత్తటి ఒండ్రు, నీరు నిలవదు. రావులపాలెం అరటి మార్కెట్‌కు గెలలు వచ్చేది ఎక్కువగా ఇలాంటి నేలల నుంచే. నది మధ్య లంకల మీద ఏటా వరద కొత్త మట్టి పరిచిపోతుంది, కాబట్టి అక్కడ నీరు తీసిన తర్వాత వేసే పొగాకు, కూరగాయలు, అరటి. చివర సముద్రం దగ్గర పర్ర భూములు, వేసవిలో పైన తెల్లగా ఉప్పు పేలే నేలలు.

ఈ అమరికను ఏ శాస్త్రవేత్తా వచ్చి నిర్ణయించలేదు. తరాల తరబడి రైతులు నాటి, పోగొట్టుకుని, మళ్లీ నాటి తేల్చుకున్నారు. ముమ్మిడివరం పక్క పల్లెల్లో ఒక రైతు తన ఎకరంన్నరలో ఏ మూల తవ్వితే మూడడుగులకు నీరు పడుతుందో, ఏ మూల అయిదడుగులకు పడుతుందో, ఎక్కడి నీరు తీపో ఎక్కడిది చప్పనో నోటికి చెబుతాడు. వాతావరణానికీ నేలకూ మొక్కను జత చేయడం అన్న శాస్త్రం డెల్టాలో ఇంతకాలం నడిచింది ఈ లెక్క మీదనే. దీన్ని కాగితం మీదికి తెచ్చే పని మాత్రం ఎవరూ చేయలేదు.

ఇప్పుడు ఉపగ్రహాలు వచ్చాయి, కంప్యూటర్ నమూనాలు వచ్చాయి, ఇక ఆ లోటు తీరిపోయిందని అనుకునేవాళ్లున్నారు. వాళ్లకో చిన్న లెక్క. ప్రపంచమంతటికీ ఉచితంగా దొరికే నేలల పటాల్లో బాగా పేరున్నది సాయిల్‌గ్రిడ్స్. అందులో ఒక్కో గడి 250 మీటర్ల పొడవు, 250 మీటర్ల వెడల్పు. అంటే దాదాపు 15 ఎకరాలు. కోనసీమలో 15 ఎకరాల ముక్క ఎక్కడ తీసుకున్నా అందులో ఒక దిబ్బ, దాని మీద కొబ్బరి తోట, పక్కన వరి చేను, మధ్యలో బోదె, ఒక మూల చేపల చెరువు పడే అవకాశం ఎక్కువ. వీటన్నిటికీ కలిపి పటం ఒకే అంకె ఇస్తుంది. ఆ అంకె సగటుగా నిజమే కావచ్చు, కానీ ఆ సగటు నేల ఆ 15 ఎకరాల్లో ఎక్కడా ఉండదు.

మన సొంత పరీక్షల సంగతి చూద్దాం. 2015 ఫిబ్రవరిలో మొదలైన భూసార కార్డుల పథకం మంచి పథకం, నేను దాన్ని తక్కువ చేయను. నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా తీసి, పన్నెండు అంశాలు పరీక్షించి కార్డు ఇస్తారు. నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు, బోరాన్, పీహెచ్, మట్టిలో ఉప్పు ఎంతో చెప్పే ఈసీ (విద్యుత్ వాహకత) అన్నీ ఉంటాయి. ఎరువుల మోతాదు తగ్గించడానికి ఇది చాలు. కానీ ఏ మొక్క వేయాలో చెప్పడానికి చాలదు. నమూనా తీసేది పైపొర నుంచి, ఒక జానెడు లోతు. కొబ్బరి వేరు, మామిడి వేరు అంతకంటే ఎంతో కిందికి పోతాయి. భూగర్భ నీరు ఎంత లోతులో ఉందో కార్డులో ఉండదు. నేల పక్క చేను కంటే ఎత్తో పల్లమో ఉండదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఉప్పు కొలత ఒకే ఒక్క రోజుది.

డెల్టాలో ఉప్పు ఒక చోట కూర్చునేది కాదు. ఆగస్టులో కాలువల నిండా గోదావరి నీరు పారుతున్నప్పుడు మట్టి తీసి పరీక్షిస్తే పర్ర చేను కూడా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. దాళ్వా (రెండో పంట) అయిపోయి, కాలువలు కట్టేసి, మే నెల ఎండ పడ్డాక అదే చేనులో తీస్తే ఈసీ ఎక్కడికో పోతుంది. కింది నుంచి ఉప్పునీరు పైకి లాగుతుంది, సముద్రపు పోటు పాయల్లోకి, డ్రెయిన్లలోకి ఎగదన్నుతుంది. సంతృప్త మట్టి ద్రావణంలో ఈసీ 3 దాటితే వరి దిగుబడి పడడం మొదలవుతుంది, ఆపైన పెరిగే ఒక్కో యూనిట్‌కు సుమారు 12 శాతం చొప్పున పోతుందని వ్యవసాయ శాస్త్రంలో ఎప్పటి నుంచో ఉన్న లెక్క. కాబట్టి ఆగస్టు కార్డును పట్టుకుని మార్చి పంటకు సలహా ఇవ్వడం రైతును నష్టానికి ఒప్పించడమే.

ఇలా కాకుండా నేల ఎత్తునూ నీటి కదలికనూ ముందు చదివి, ఆ తర్వాత మొక్క నాటిన సందర్భం మన డెల్టాలోనే ఒకటి ఉంది. దాని గురించి మన చర్చల్లో దాదాపు ఎవరూ మాట్లాడరు. అది కోరింగ మడ అడవి.

1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ 235 చదరపు కిలోమీటర్ల అడవిలో చాలా చోట్ల మడ చెట్లు పలచబడిపోయాయి. వంటచెరుకుకు, కలపకు కొట్టారు అన్నది ఒక కారణం. అయితే కొట్టడం ఆపినా ఆ ఖాళీలు పూడలేదు. మళ్లీ నాటినా చచ్చిపోయేవి. ఎందుకని? చెట్లు పోయిన చోట ఎండ నేరుగా పడి బంకమట్టి ఎండి, కుంగి, మధ్యలో లోతు తక్కువ గుంట ఏర్పడింది. పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు అందులోకి చేరుతుంది, పాటుకు బయటికి పోదు. నిలిచిన నీరు ఎండకు ఆవిరైపోయి ఉప్పు పేరుకుంటుంది. మళ్లీ పోటు, మళ్లీ ఉప్పు. చివరికి ఉప్పునీటిలో బతకడానికే పుట్టిన మడ మొక్క కూడా తట్టుకోలేనంత ఉప్పు. ఇక్కడ వాతావరణం మారలేదు, మట్టి రకం మారలేదు, మొక్క పరాయిది కాదు. మారింది నేల ఎత్తు, అదీ కొద్దిపాటి తేడా.

1990ల చివరి నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, చుట్టుపక్కల మత్స్యకార గ్రామాల వాళ్లు కలిసి చేసిన పని చూడండి. ముందు ఆ గుంటలను ఏరుతో కలుపుతూ ఒక పెద్ద కాలువ తవ్వారు. దానికి రెండు వైపులా చేప ముల్లు ఆకారంలో ఏటవాలుగా చిన్న కాలువలు తీశారు. పోటుకు నీరు వచ్చి, పాటుకు పూర్తిగా బయటికి పోయే దారి ఏర్పడింది. నిలిచిన ఉప్పు కడుక్కుపోయింది. అప్పుడు నాటారు, అదీ కాలువ అడుగున కాదు, గట్టు మీదా కాదు, ఏటవాలు మధ్యలో, పోటు నీరు వేరును తడిపి వెళ్లే ఎత్తులో. మొక్కలు నిలిచాయి. కొన్నేళ్లలో ఉప్పు పేలిన బీడు పచ్చబడింది.

మడ అడవిలోకి పడవలో వెళ్లినవాళ్లకు ఇంకో విషయం కూడా తెలుస్తుంది. ఏరు అంచున, నీటిలోకి కాళ్లు చాపుకుని నిలబడేది ఉప్పుపొన్న. ఉప్పు బాగా ఎక్కువ ఉన్న చోట తెల్లమడ తట్టుకుంటుంది. నది తీపి నీరు కాస్త కలిసే చోట నల్లమడ ఏపుగా పెరుగుతుంది. నేల వైపు, ఎప్పుడో పెద్ద పోటుకు మాత్రమే తడిసే మెరక మీద తిల్ల. కొద్ది వందల గజాల్లో నాలుగు రకాలు, నాలుగూ వాటి వాటి ఎత్తుల్లో. ఇంతకంటే స్పష్టమైన నేలల పటం మనకు ఎవరు గీసిస్తారు? కోరింగలో నేర్చుకున్న ఈ పద్ధతిని, అంటే ముందు ఎత్తు, తర్వాత నీటి దారి, ఆపైనే మొక్క అన్న వరసను పక్కనున్న పొలాలకు, కాలువ గట్లకు, తీరం వెంట నాటే చెట్లకు ఎందుకు వర్తింపజేయడం లేదన్నదే నా ప్రశ్న.

తీరం సంగతే తీసుకుంటే, తుపాను గాలికి అడ్డుగా దశాబ్దాలుగా సరుగుడు నాటుతున్నాం. ఎండు ఇసుక మీద సరుగుడు బాగా పెరుగుతుంది, గాలిలోని నత్రజనిని వేళ్ల దగ్గర నిలుపుకుంటుంది, కట్టెకు ధర ఉంది. సరే. కానీ అది నీరు నిలిచే చోటును భరించదు. దిబ్బ మీద సరుగుడుతో పాటు పొన్న, గంగరావి, తాటి, ముందు వరసలో మొగలి, దిబ్బ వెనక పల్లంలోని ఉప్పు ఏరు పక్కన మడ, ఇలా అడుగడుక్కూ మారాల్సిన వరసను ఒకే మొక్కతో నింపేయడం నాటేవాడికి సులువు, నర్సరీకి సులువు, నేలకు మాత్రం కాదు. 1996 నవంబరు తుపానులో కోనసీమ ఒక్క రాత్రిలో లెక్కలేనన్ని కొబ్బరి చెట్లను పోగొట్టుకుంది. దేశవాళీ పొడుగు రకం కొబ్బరి కాపుకు రావడానికే ఆరేడేళ్లు పడుతుంది. అంటే డెల్టాలో చెట్టు నాటే మనిషి ముప్పై ఏళ్ల సగటు వానతో కాదు, ఆ ముప్పై ఏళ్లలో వచ్చే ఒకటి రెండు రాత్రులతో లెక్క చూసుకోవాలి. ఆ రాత్రులు వాతావరణ పటం సగటులో కనిపించవు.

వరి విషయంలో మాత్రం మనకు గర్వపడే చరిత్ర ఉంది. పశ్చిమ గోదావరిలోని మార్టేరు పరిశోధనా స్థానం 1925లో మొదలైంది. 1982లో అక్కడి నుంచి వచ్చిన ఎంటీయూ 7029, అదే స్వర్ణ, మన రాష్ట్రం దాటి బెంగాల్, ఒడిశా, బిహార్ పల్లపు చేలను ఆక్రమించింది. ఎందుకంటే అది డెల్టా పల్లం కోసం, తక్కువ ఎరువుతో పండడం కోసం పుట్టిన రకం, తూర్పు భారతంలో అలాంటి పల్లాలు కోకొల్లలు. తర్వాత ఒడిశా పాత రకం నుంచి తీసిన మునకను తట్టుకునే జన్యువును స్వర్ణలోకి ఎక్కించి 2009లో స్వర్ణ సబ్-1 విడుదల చేశారు. అది రెండు వారాల దాకా నీటిలో మునిగినా మళ్లీ తేరుకుంటుంది. మార్టేరు నుంచే ఇంద్ర, అమర లాంటి రకాలు వచ్చాయి. అంటే మన శాస్త్రవేత్తలకు నేల ఎత్తు తెలుసు, మునక తెలుసు, ఉప్పు తెలుసు. వాళ్ల దగ్గర పల్లానికి ఒక రకం, మెరకకు ఒక రకం ఉన్నాయి. ఏ సర్వే నంబరు పల్లమో, ఏది మెరకో చెప్పే పటం మాత్రం లేదు. అందువల్ల ఊళ్లో విత్తనం పంచేటప్పుడు అందరికీ ఒకటే బస్తా.

దీని ఫలితం ఎలా ఉంటుందో 2011లో చూశాం. ఆ ఏడు సార్వాకు, అంటే వానాకాలపు వరికి, కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. వేల ఎకరాలు బీడు పడ్డాయి. మద్దతు ధర, కూలి ఖర్చు, గిడ్డంగులు అన్నీ అందులో ఉన్నాయి, మోహన్ కందా కమిటీ వేశారు, నివేదిక వచ్చింది. కానీ రైతుల గోడులో పదే పదే వినిపించిన ఒక మాట మురుగు. డ్రెయిన్లు పూడిపోయాయి, నీరు దిగదు, నాట్లు కుళ్లిపోతాయి, కోతకు వచ్చిన పంట వాన నీటిలో మొలకెత్తుతుంది. కాటన్ ఆనకట్ట 1852కల్లా పూర్తయింది, కాలువలు వచ్చాయి, నీరు పారింది. ఇచ్చిన నీటిని తీసుకుపోయే మురుగు వ్యవస్థకు ఆ శ్రద్ధ ఎన్నడూ దక్కలేదు. నీరు దిగని చేనులో ఏ పటం చూసి ఏ మొక్క వేసినా పోతుంది. ఆ డ్రెయిన్లలో పెరిగేది గుర్రపుడెక్క. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ మొక్కకు మన వాతావరణం, మన నీరు నూటికి నూరుపాళ్లు సరిపోయాయి. అందుకే వాతావరణానికి సరిపోవడం ఒక్కటే అర్హతగా మొక్కను ఆహ్వానించకూడదంటాను.

పరాయి మొక్కలన్నీ చెడ్డవనే వాదన వైపు నేను పోవడం లేదు. కోకో అమెజాన్ అడవి చెట్టు. కొబ్బరి తోట నీడలో, ఆ చల్లదనంలో, ఆ తేమలో గోదావరి జిల్లాల్లో చక్కగా ఇమిడింది. ఇవాళ దేశంలో కోకో దిగుబడిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. కాలువ రోడ్ల మీద గొడుగు పట్టే నిద్రగన్నేరు కూడా దక్షిణ అమెరికాదే. ఇంకోవైపు ఆయిల్ పామ్ ఉంది. పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన ఆ చెట్టుకు ఏడాదికి దాదాపు 2000 మిల్లీమీటర్ల వాన సమంగా పడాలి. వాన పటం ప్రకారం అది ఇక్కడ ఉండనే కూడదు. పెదవేగిలో జాతీయ పరిశోధనా సంస్థ ఉంది, దాని చుట్టూ మెట్టలో తోటలున్నాయి, అన్నీ బోరు నీటి మీద. 2020లో దేశంలో ఆయిల్ పామ్‌కు అనువైన భూమి 27.99 లక్షల హెక్టార్లని లెక్క తేల్చారు, 2021 ఆగస్టులో జాతీయ మిషన్ ప్రకటించారు. అనువైన భూమి అనేటప్పుడు ఆ అనువు వానదా, కాలువదా, భూగర్భ నీటిదా అన్నది ప్రతి ఎకరానికీ విడిగా రాయాలి. మెట్ట బోర్ల మీద బతికే పంటను చూసి డెల్టా బంకమట్టిలో వేస్తే దాని వేళ్లు నిలవ నీటిలో ఊపిరాడక చస్తాయి. జిల్లా ఒకటే కదా అని సబ్సిడీ ఒకేలా ఇస్తే ఈ తేడా ఎవరికీ కనబడదు.

రోడ్ల మధ్య నాటిన కోనోకార్పస్ అనే పరాయి చెట్టు కథ కూడా ఇదే. ఎలర్జీ వస్తుందా రాదా అన్న దాని మీద ఏళ్ల తరబడి కొట్టుకున్నాం. తెలంగాణ నాటడం ఆపింది, గుజరాత్ ఆపింది, మన దగ్గర నరకాలా వద్దా అని వివాదం నడిచింది. ఎలర్జీ సంగతి డాక్టర్లు తేల్చాలి. కోనోకార్పస్‌లో ఒక జాతిది అమెరికా తీరాల మడ అంచు, ఇంకో జాతిది సోమాలియా, యెమెన్ ఎండు వాగుల ఒడ్డు. కానుగ, తెల్లమద్ది, నేరేడు సొంతంగా పెరిగే నేల మీద ఆ చెట్టు అవసరం ఎవరికి వచ్చింది? నాటే ముందు ఈ ప్రశ్న అడిగితే నరికే ముందు కోర్టుల దాకా పోవలసిన పని ఉండేది కాదు. కడియం నర్సరీల నుంచి దేశం నలుమూలలకూ మొక్కలు పోతాయి, నలుమూలల నుంచీ వస్తాయి. ఆ రైతుల నేర్పు ముందు చేతులెత్తి మొక్కాలి. కానీ అక్కడ మొక్క ధర అడిగితే వెంటనే చెబుతారు, ఏ నేలకు, ఎంత లోతు నీటికి, ఎంత ఉప్పుకు అన్నది కొనేవాడు అడగడు, అమ్మేవాడు చెప్పడు. మొక్కతో పాటు ఏం ప్రయాణం చేస్తుందో కూడా ఎవరూ చూడరు. సర్పిలాకార తెల్లదోమ 2016లో తమిళనాడు పొల్లాచ్చి కొబ్బరిలో కనిపించింది. ఆ తర్వాత ఎక్కువ కాలం పట్టలేదు, గోదావరి జిల్లాల తోటలను కమ్మేసింది. అంబాజీపేట కొబ్బరి పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్తలు దానికి జీవనియంత్రణ వెతికే పనిలో పడాల్సి వచ్చింది.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. రైతు పటం చూసి పంట వేయడు, ధర చూసి వేస్తాడు. రొయ్యకు వరి కంటే ఎన్నో రెట్లు వస్తుంటే, ఈ నేల వరికి అనువైనదని ప్రభుత్వం గీత గీసి చూపిస్తే ఎవరు వింటారు, పైగా రైతు ఇష్టం మీద పెత్తనం కాదా అంటారు. ఇందులో నిజముంది. పటం రైతును ఆపకూడదు, ఆపలేదు కూడా. కానీ ధర ఒక ఏడాదిది, చెట్టు ముప్పై ఏళ్లది. ప్రజల డబ్బుతో ఇచ్చే మొక్క, ప్రజల డబ్బుతో ఇచ్చే సబ్సిడీ, బ్యాంకు ఇచ్చే తోట రుణం, పంట బీమా ప్రీమియం నేలను చూసి తేలాలనడం రైతు మీద పెత్తనం చేయడం కాదు. తప్పు మొక్క ఇచ్చి, అది పోయాక రైతు సరిగా చూసుకోలేదని రాసుకోవడమే అసలైన పెత్తనం.

రొయ్యల మాట వచ్చింది కాబట్టి నన్ను చాలాకాలంగా కలచివేస్తున్న సంగతి చెప్పాలి. 2009లో వనామీ అనే విదేశీ రొయ్య రకానికి అనుమతి వచ్చాక చెరువులు పర్ర దాటి తీపి నేలల మీదికి వచ్చాయి. వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చకూడదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే చెప్పింది. అయినా మాగాణి మధ్యలో చెరువు తవ్వుతున్నారు, గట్టు ఆవతల వరి వేసిన రైతు చేనులోకి ఉప్పు ఊరుతోంది. అతను తాసీల్దారు దగ్గరికి పోయి నా చేను ఉప్పుబారింది అంటే, ముందు ఉప్పు లేదని నీ దగ్గర రుజువేది అని అడుగుతారు. అతని దగ్గర పట్టాదారు పాసుపుస్తకం ఉంది, అందులో అతని పేరు ఉంది, తండ్రి పేరు ఉంది, సెంట్లతో సహా విస్తీర్ణం ఉంది. ఆ నేల ఎలాంటిదో ఒక్క ముక్క లేదు. భూమి ఎవరిదన్నది ప్రభుత్వానికి తెలుసు, ఆ భూమి ఏమిటన్నది తెలియదు.

ఇది ఎప్పుడూ ఇలా లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో, పందొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో, సెటిల్మెంటు అధికారులు ఊరూరా తిరిగి ప్రతి సర్వే నంబరు మట్టినీ వర్గీకరించారు. ఒండ్రా, రేగడా, ఎర్రమట్టా, ఇసుకా, అందులో బంక పాలు ఎంత, నీరు ఎలా అందుతుంది అని చూసి తరం (నేల నాణ్యత శ్రేణి) వేశారు. పాత సెటిల్మెంటు రిజిస్టరు తీస్తే ఇప్పటికీ మట్టి తరగతి, తరం గడులు కనిపిస్తాయి. వాళ్లు చేసింది శిస్తు గుంజుకోవడానికి, రైతు మేలు కోరి కాదు. కానీ శిస్తు కోసమైనా నేలను చేతితో నలిపి చూశారు. ప్రజాస్వామ్యంలో రైతుకు మేలు చేయడానికి వచ్చిన మన రికార్డుల్లో ఆ గడి ఉంటే మాగాణి, మెట్ట అన్న రెండు మాటలతో సరి, అదీ ఎప్పుడో రాసింది.

రాష్ట్రంలో 2020 డిసెంబరు నుంచి భూముల రీసర్వే నడుస్తోంది. డ్రోన్లు ఎగిరాయి, హద్దులు కొలిచే రోవర్లు వచ్చాయి, సరిహద్దు రాళ్లు సెంటీమీటర్ల లెక్కన పాతారు. ప్రభుత్వం మారింది, పద్ధతిలో మార్పులు వచ్చాయి, పని మాత్రం సాగుతోంది. అంత ఖర్చు పెట్టి ప్రతి చేను హద్దూ కొలిచినవాళ్లు ఆ చేనులో ఒక్క చోట మూడడుగులు తవ్వి కింద బంకమట్టి ఉందా, ఇసుక ఉందా, నీరు ఎంతలో తగిలిందో రాసుకుని ఉంటే డెల్టాకు ఈ పాటికి ప్రపంచంలో ఎక్కడా లేని నేలల పటం తయారై ఉండేది. ఆ డ్రోన్ ఫొటోల నుంచి ఎత్తుపల్లాల లెక్క కూడా తీయవచ్చు. ఏ పల్లం నీరు ఎటు దిగాలో, ఏ డ్రెయిన్ ఎక్కడ అడ్డుపడిందో అందులోనే తెలుస్తుంది. ఫొటోలు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి, ఆ లెక్క తీయమని అడిగే శాఖే లేదు. హద్దు రెవెన్యూది, మట్టి వ్యవసాయ శాఖది, కొబ్బరి ఉద్యాన శాఖది, చెరువు మత్స్య శాఖది, మడ అటవీ శాఖది, డ్రెయిన్ జలవనరుల శాఖది. నేల మాత్రం ఒకటే.

ఇప్పటికైనా ఆలస్యం కాలేదు, దీనికి కొత్త సంస్థ పెట్టాల్సిన పనీ లేదు. 2019 అక్టోబరులో మొదలైన గ్రామ సచివాలయాల వ్యవస్థలో సర్వేయరు ఉన్నారు, వ్యవసాయ సహాయకుడు ఉన్నారు, ఉద్యాన సహాయకుడు ఉన్నారు, తీర గ్రామాల్లో మత్స్య సహాయకుడు ఉన్నారు. మే నెలలో కాలువలు కట్టేసిన రోజుల్లో ఒకసారి, సార్వా కోత తర్వాత ఇంకోసారి, ఊళ్లో వయసు మళ్లిన రైతులను వెంటబెట్టుకుని ఈ నలుగురూ కలిసి తిరగాలి. ప్రతి సర్వే నంబరుకూ నాలుగు అంశాలు రాయాలి: పక్క చేలతో పోలిస్తే ఎత్తా పల్లమా, మూడడుగుల లోతులో మట్టి ఏది, నీరు ఎంత లోతులో, ఆ రెండు కాలాల్లో ఈసీ ఎంత. మట్టి తవ్వే బరమా, చేతిలో పట్టుకునే ఈసీ మీటరు, ఒక నోటుబుక్కు చాలు. ఆ నాలుగు అంకెలూ పాసుపుస్తకంలో ఎక్కాలి. ఆపైన అంబాజీపేట కొబ్బరి శాస్త్రవేత్తలు, కొవ్వూరు అరటి శాస్త్రవేత్తలు, మార్టేరు వరి శాస్త్రవేత్తలు ఆ అంకెలకు ఎదురుగా రకాల పేర్లు రాసిస్తారు, ఆ పని వాళ్లకు బాగా వచ్చు. మొదట కోనసీమలో తీరం నుంచి లోపలికి ఒక వరస పంచాయతీలు, లంక నుంచి దిబ్బ మీదుగా పర్ర దాకా అన్ని నేలలూ తగిలేలా ఎంచుకుని, వచ్చే మే నెల కాలువల కట్టడికే మొదలుపెట్టవచ్చు.